ఏటిగట్టున కుక్కతో నడక: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా రెండేళ్ల లాబ్రడార్‌ని రోజూ సాయంత్రం గోదావరి ఇసుక తిన్నెల మీదికి తీసుకెళ్లి గొలుసు విప్పేస్తాం. మార్చి నుంచి నల్లటి తల, పసుప్పచ్చ ముక్కు ఉన్న పిట్టలు అరుస్తూ మా మీదికి దూకుతున్నాయి. కుక్కకేమైనా ప్రమాదమా?
– ఒక పాఠకుడు, కొవ్వూరు

జవాబు: కుక్కకి ఏమీ కాదు, నష్టమంతా ఆ పిట్టలకే. మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి అవి రివర్ టర్న్‌లు. ఫిబ్రవరి చివర నుంచి జూన్ దాకా ఏటి మధ్య ఇసుక మేటల మీద గుడ్లు పెడతాయి. తీతువులు, చిన్న ప్రాటింకోల్‌లు, చిన్న ప్లవర్‌లు కూడా అక్కడే పెడతాయి. గూడంటూ ఏమీ ఉండదు, ఇసుకలో చిన్న గుంట, అంతే. గుడ్ల మీది మచ్చలు ఇసుకలో, గులకరాళ్లలో కలిసిపోతాయి కాబట్టి కాలి కింద పడేదాకా మనకూ కనబడవు.

‘మా కుక్క గుడ్లు తినదు’ అని చాలామంది అంటారు. తినకపోయినా నష్టం తప్పదు. ఏప్రిల్ ఎండలో తల్లి గుడ్ల మీద కూర్చునేది పొదగడానికే కాదు, నీడ పట్టడానికి కూడా. తీతువైతే ఏట్లో పొట్ట ఈకలు తడుపుకొచ్చి మరీ గుడ్లను చల్లబరుస్తుంది. మీ కుక్క అటూ ఇటూ పరిగెత్తినంతసేపూ తల్లులు గాల్లోనే ఉంటాయి, గుడ్లు కాగిన ఇసుకలో ఉడుకుతాయి. కాకులు, గద్దలు కూడా ఆ అదను కోసమే చూస్తుంటాయి. ఆలస్యంగా మళ్లీ గుడ్లు పెట్టినా, పిల్లలకు రెక్కలొచ్చేలోపే వరద వచ్చి మేటను ముంచేయొచ్చు.

అందుకని ఈ నాలుగు నెలలూ తిన్నెల మీదికి వెళ్లకండి. గట్టు మీద, రేవుల్లో నడిపించండి, అదీ రెండు మీటర్ల తాడుతో. పొరపాటున అటు వెళ్లినప్పుడు పిట్ట తల మీద చక్కర్లు కొడితే, లేదా రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ పోతే, గూడు దగ్గర్లోనే ఉందన్నమాట. ముందుకు పోవద్దు, పక్కకీ తిరగొద్దు. వచ్చిన అడుగుజాడల మీదే వెనక్కి నడవండి. పిల్లలు పారిపోకుండా నేలకు కరుచుకుని పడుకుంటాయి, కొత్త దారి పడితే తొక్కేస్తారు. అరుపులు ఆగాక కూడా కనీసం నూరు మీటర్లు ఎడం పాటించండి.

ఇంకో మాట. ఎండాకాలం సాయంత్రం ఐదింటికి కూడా ఇసుక వేడి తగ్గదు. అరచేతి వెనకభాగాన్ని ఏడు సెకన్లు ఇసుక మీద ఆనించలేకపోతే కుక్క కాళ్లూ ఓర్చుకోలేవు. పొద్దున ఏడు లోపే ముగించండి, అర లీటరు నీళ్లు వెంట ఉంచుకోండి. ఇసుక తవ్విన గుంతల్లో నిలిచిన నీళ్లు చూసి కుక్క దూకుతుంది. వాటి అంచులు నిట్టనిలువుగా ఉండి కాలు పెడితే జారిపోతాయి, కుక్క పైకెక్కలేదు.

ప్రశ్న: వర్షాకాలంలో ఏటిగట్టు నడక ఎప్పుడు మానాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: గట్టు మీద నడక మానక్కర్లేదు, రేవు మెట్లు దిగడం మానాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి వరద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకు, రెండోది 13 లక్షలకు, మూడోది 17 లక్షలకు ఇస్తారు. భద్రాచలంలో నీటిమట్టం 43, 48, 53 అడుగులు చేరినప్పుడు ఇస్తారు. మేమైతే మొదటి హెచ్చరిక దాకా కూడా ఆగం. నీళ్లు ఎర్రబడి, నిన్న కనబడిన మెట్టు ఇవాళ మునిగిందంటే చాలు, దిగొద్దు.

లంకలు మునిగితే పాములు గట్టెక్కుతాయి, రాళ్ల సందుల్లో చేరతాయి. కుక్క అక్కడ మూతి పెట్టకుండా గట్టు నడిమధ్యన నడిపించండి, చీకటైతే టార్చి వెయ్యండి. కాటు పడితే నడిపించవద్దు, ఎత్తుకెళ్లండి. గట్టిగా కట్టు కట్టడం, కోయడం చెయ్యొద్దు. మెడ దగ్గర వాపుంటే మెడపట్టీ తీసేయండి. విరుగుడు మందు అన్నిచోట్లా ఉండదు కాబట్టి బయల్దేరేముందే పశువైద్యుడికి ఫోన్ చేయండి. కప్పను నోట కరిచి నురగ కక్కుతుంటే తడిగుడ్డతో చిగుళ్లు, నాలుక తుడవండి. తల కిందికి వంచి నీళ్లు పక్కనుంచి పోయాలి, గొంతులోకి పోకూడదు.

నిలవ నీళ్లలో ఎలుక మూత్రం కలిస్తే లెప్టోస్పైరోసిస్ వస్తుంది. జ్వరం, వాంతులు, కళ్లు పచ్చబడటం దీని లక్షణాలు. ఇది మనుషులకూ అంటుతుంది. టీకా మొదటిసారి కొన్ని వారాల ఎడంతో రెండు మోతాదులు, తర్వాత ఏటా ఒకటి. వేయించుకున్న టీకాలో లెప్టో ఉందో లేదో కార్డులో చూసుకోండి.

ప్రశ్న: నడిచొచ్చాక కుక్క కుంటుతోంది, పాదం నాకుతోంది. గాయం కనబడటం లేదు.
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: వేళ్ల సందుల్లో చూడండి. పల్లేరు ముళ్లు మెత్తటి చోటే దిగుతాయి. ఉత్తరేణి గింజలైతే బొచ్చు ఉండలు కట్టిన చోట, చెవుల వెనక దాక్కుంటాయి. గోరువెచ్చటి ఉప్పునీళ్లలో పాదం ఐదు నిమిషాలు నానబెట్టి చిమటాతో తీయండి. పిడుదులు కూడా అప్పుడే చూడండి. గాలం గుచ్చుకుని ఉంటే మాత్రం లాగొద్దు, దాని కొక్కెం కండ చీలుస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

ప్రశ్న: చలికాలంలో వలస పక్షుల్ని చూడాలని ఉంది. ఒక చేతిలో కుక్క తాడు, ఇంకో చేతిలో బైనాక్యులర్. కుదురుతుందా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: నడుస్తూ చూస్తే కుదరదు, కూర్చుని చూడండి. 8×42 బైనాక్యులర్ కొనండి, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది. 10 రెట్లదైతే కుక్క చిన్నగా కదిలినా బొమ్మ ఊగుతుంది. తాడు మెడపట్టీకి కాక ఛాతీకి కట్టే హార్నెస్‌కి తగిలించండి. నీళ్ల పక్కన పెద్ద కుక్క తాడును నడుముకి కట్టుకోవద్దు, పాదం కింద తొక్కి పట్టుకోండి. ముందు ఇంట్లోనే చాప మీద పదిహేను నిమిషాలు పడుకోవడం నేర్పండి. అది రాని కుక్కను పక్షుల దగ్గరికి తీసుకెళ్లడం అనవసరం.

మీ ఒడ్డున ఏరు పడమర వైపు ఉంటుంది కాబట్టి పొద్దున సూర్యుడు వెనక ఉంటాడు, రంగులు బాగా కనిపిస్తాయి. కొవ్వూరు వైపు వాళ్లకు సాయంత్రం అనుకూలం. గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి నీళ్లలోకి దూకే నలుపూ తెలుపూ లకుముకి పిట్ట ఏడాదంతా ఉంటుంది. వలస వచ్చేవాటిలో గోధుమ తల గల్ పక్షులు, తోక ఆడించే వాగ్‌టెయిల్ పిట్టలు ఉంటాయి. ఏటి మధ్య మేటల మీద జంటలుగా నారింజ రంగు బాతులు కనబడితే అవి జక్కవలు. మహా బెదురు పిట్టలు, కుక్కను చూస్తే చాలు లేచిపోతాయి. వాటిని చూడాలంటే ఆ రోజుకు కుక్కను ఇంట్లో ఉంచండి. తేదీ, వేళ, ఎన్నో మెట్టు దాకా నీళ్లున్నాయి, ఏ పిట్టలు ఎన్ని అన్నది రాసి పెట్టుకుని, పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కించండి. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల లెక్కింపు జరుగుతుంది, అందులో మీరూ చేరొచ్చు.

ప్రశ్న: రేవులో పిండాలు, కార్తీక దీపాల దొప్పలు మా కుక్క నోట పెడుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కొవ్వూరు

జవాబు: జనం నొచ్చుకోవడం సరే, నూనె తాగిన ఒత్తులు, పుల్లలు కడుపులో అడ్డుపడతాయి. ఇంట్లో గుప్పిట్లో బిస్కట్ పట్టుకుని ‘వదిలెయ్’ అనండి. మూతి వెనక్కి తీసుకున్న క్షణంలో ఇంకో చేత్తో వేరే ముక్క ఇవ్వండి. రోజూ ఐదు నిమిషాలు చేస్తే చాలు. అది కుదిరేదాకా కార్తీకమంతా రేవు తప్పించి వేరే దారిన నడవండి. లేదా నోరు తెరిచి వగర్చడానికి వీలుండే బుట్ట లాంటి మూతితొడుగు వేయండి. మూతిని బిగించి పట్టే గుడ్డ తొడుగు మాత్రం వద్దు.