ముఖ్య సభ్యుడు మరణించాక పాత రాక్ బృందాలు మళ్ళీ కలిసి కచేరీలు చేయడం సమంజసమేనా?

సమంజసమే. అయితే పోయినవారి చోట ఎవరు కూర్చున్నారు, ఆ కలయిక ఎంతకాలం సాగింది అన్నవాటిని బట్టి నా అభిప్రాయం మారుతుంది. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో కాలేజీ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించినవాణ్ణి కనుక, నాకు ముందుగా గుర్తొచ్చేది బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెప్పెలినే.

వారి డ్రమ్మర్ జాన్ బోనమ్ 1980 సెప్టెంబరు 25న మరణించాడు. అతను లేకుండా కొనసాగలేమని మిగిలిన ముగ్గురూ ఆ డిసెంబరులోనే ప్రకటించారు. 1985లో లైవ్ ఎయిడ్ అనే సహాయనిధి కచేరీ కోసం ఫిలడెల్ఫియాలో ఫిల్ కాలిన్స్, టోనీ థాంప్సన్ అనే ఇద్దరు సమర్థులైన డ్రమ్మర్లతో కలిసి వాయించినా, తగినంత సాధన లేక అది ఎంత రసాభాస అయిందంటే, తర్వాత వచ్చిన లైవ్ ఎయిడ్ డీవీడీలో తమ భాగాన్ని చేర్చడానికి కూడా వారు ఒప్పుకోలేదు.

2007 డిసెంబరు 10న లండన్ ఓ2 అరీనాలో, అట్లాంటిక్ రికార్డ్స్ స్థాపకుల్లో ఒకరైన అహ్మెట్ ఎర్టెగన్ స్మారకంగా జరిగిన కచేరీలో మాత్రం డ్రమ్స్ వెనుక కూర్చున్నది జాన్ కొడుకు జేసన్. మొదటి పాటగా ఎంచుకున్నది 1969 నాటి తొలి ఆల్బమ్‌లోని మొదటి పాట ‘గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్’. అందులో జాన్ ఒకే పెడల్‌తో, ఒక్క కాలితో, బాస్ డ్రమ్ మీద వేసిన ఆ వేగవంతమైన ట్రిప్లెట్లు (మూడేసి దెబ్బల వరుసలు) డ్రమ్మర్లకు ఇప్పటికీ పరీక్షే; నేను సాధన చేసినప్పుడు పిక్క పట్టేసేదే తప్ప దెబ్బలు సమంగా పడేవి కావు. తప్పించుకునే వీలు లేని ఆ పాటతోనే మొదలుపెట్టడం నాకు ఎంతో నచ్చింది. కచేరీ చిత్రం ‘సెలబ్రేషన్ డే’ 2012లో వచ్చింది. దాన్ని చూస్తే జేసన్ తండ్రిని అనుకరించడం లేదని, ఆ సంగీతం వింటూ పెరిగినవాడి చొరవతో వాయిస్తున్నాడని తెలుస్తుంది. ఆ కచేరీ తర్వాత బృందం కచేరీల యాత్రకు వెళుతుందని అందరూ ఆశించినా గాయకుడు రాబర్ట్ ప్లాంట్ సుముఖత చూపలేదు. అభిమానిగా నిరాశపడ్డాను గానీ, అతని నిర్ణయమే సరైనదని నా ఉద్దేశం.

మరో బ్రిటిష్ రాక్ బృందం క్వీన్ దారి వేరు. వారి గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ 1991లో మరణించాక, గిటారిస్టు బ్రయాన్ మే, డ్రమ్మర్ రోజర్ టేలర్ మొదట గాయకుడు పాల్ రాడ్జర్స్‌తోనూ, తర్వాత ఆడమ్ లాంబర్ట్‌తోనూ ఏళ్ళ తరబడి యాత్రలు చేశారు. బృందం పేరు పక్కన ప్లస్ గుర్తు పెట్టి గాయకుడి పేరు విడిగా వేయడంలో నిజాయితీ ఉంది, లాంబర్ట్ గొంతుకూ వంక పెట్టలేం. కానీ మే గిటారు పట్టుకుని పాడుతుండగా తెర మీద ఫ్రెడ్డీ ప్రత్యక్షమై గొంతు కలిపే ఘట్టం మాత్రం, జనం ఎంత కేరింతలు కొట్టినా, నాకు ఇబ్బందిగానే ఉంటుంది. వేదిక మీద ఉన్నవారు వాయించగలిగినంత వాయిస్తే చాలు, తెర అక్కర్లేదు.