గొల్యాతు కవచం ఎన్ని కిలోలు?

ప్రశ్న: బైబిల్‌లోని సమూయేలు మొదటి గ్రంథం 17వ అధ్యాయంలో, దావీదు చేతిలో హతుడైన ఫిలిష్తీయ యోధుడు గొల్యాతు కవచం అయిదు వేల తులాల ఎత్తు గలదని ఉంది. తులానికి 10 గ్రాముల చొప్పున లెక్కిస్తే 50 కిలోలు, 11.66 గ్రాముల చొప్పున లెక్కిస్తే 58 కిలోలు వస్తున్నాయి. ఒక అధస్సూచికలో 57 అనీ, మరొక చోట 70 అనీ చూశాను. వీటిలో ఏది సరైనది? తలాంతు, మీనా వంటి తూనికలను కిలోలలోకి ఎలా మార్చుకోవాలి?

జవాబు: 57 కిలోలు అనే అంచనాకే ఎక్కువ ఆధారం ఉంది. అనువాదంలో తులం అని కనిపించే చోట మూలంలో ఉన్న హీబ్రూ మాట షెకెల్. తూచడం అనే అర్థం గల ధాతువు నుంచే అది పుట్టింది కనుక తులం అనే మాట దానికి చక్కగా అతికింది. బరువులో కూడా రెండూ దగ్గరవే: 180 గ్రెయిన్ల పాత తులం 11.66 గ్రాములైతే, యూదా రాజ్యపు షెకెల్ 11.3 గ్రాముల పైచిలుకు. మీ 58 కిలోలు అసలు అంకెకు అంత చేరువగా రావడానికి కారణం ఇదే. 10 గ్రాముల తులం మాత్రం మెట్రిక్ పద్ధతి వచ్చిన తరువాత సౌలభ్యం కోసం సరిచేసుకున్న లెక్క కనుక దానిని ఇక్కడ వాడకూడదు.

గ్రంథం షెకెల్‌ను ఆ కాలపు ఇతర తూనికలతోనే పోల్చింది గాని, నేటి లెక్కలో దాని బరువెంతో అందులో తెలియదు. అది తెలిసింది తవ్వకాలలో దొరికిన రాళ్ల వల్ల. తూనికకు హీబ్రూలో వాడే మాట ‘ఎవెన్’, అంటే రాయి. ఇనుముతో చేసిన దానిని కూడా తూనికరాయి అనే మనకు ఇది వింతగా తోచదు. యెరూషలేము, లాకీషు, అరాదు వంటి చోట్ల క్రీ.పూ. 8, 7 శతాబ్దాల నాటి సున్నపురాతి తూనికలు చాలా బయటపడ్డాయి. అడుగు చదునుగా, పైభాగం గుమ్మటంలా ఉండే ఈ రాళ్ల మీద షెకెల్ గుర్తు, దాని పక్కన ఈజిప్టు లిపిలో ఒక అంకె చెక్కి ఉంటాయి. చిక్కు ఆ అంకెలోనే ఉంది. ఎనిమిది షెకెల్ల రాయి మీద 8కి బదులు 10 అని, నాలుగు షెకెల్ల రాయి మీద 5 అని కనిపిస్తుంది. ఈజిప్టు తూనిక దెబెన్ సుమారు 91 గ్రాములు, అందులో పదో వంతు కెదెత్. ఎనిమిది షెకెల్లు కూడా దాదాపు 91 గ్రాములే కనుక ఒకే రాయి యూదా, ఈజిప్టు లెక్కలు రెండింటికీ సరిపోయేదని దీనికి చెప్పే వివరణ. ఈ రాళ్లన్నిటినీ తూచి సగటు తీయగా వచ్చినదే 11.33 గ్రాములు.

అయితే అది సగటు మాత్రమే. చేత్తో చెక్కిన రాళ్లు గనుక ఒక్కొక్కటి కొంత అటూ ఇటూ తూగుతుంది. 5,000ను 11.33తో గుణించి 56.65 కిలోలని రాస్తే ఆ కాలపు త్రాసుకు లేని ఖచ్చితత్వాన్ని మనం అంటగట్టినట్టవుతుంది. సుమారు 57 కిలోలు అనడమే న్యాయం. ఆరు వందల షెకెల్ల ఈటె మొన కూడా ఇదే లెక్కన దాదాపు 7 కిలోలు.

ఇక 70 కిలోల సంగతి. క్రీస్తు నాటికి యెరూషలేము దేవాలయపు పన్ను తూరు పట్టణపు వెండి నాణేలలో చెల్లించేవారు. ఆ నాణెపు షెకెల్ సుమారు 14 గ్రాములు. దానిని అనేక శతాబ్దాలు వెనక్కి తీసుకుపోయి గొల్యాతు కవచానికి తగిలిస్తే 70 వస్తుంది. గుణకారంలో తప్పు లేదు, కాలం తప్పింది.

తలాంతుకు ఎన్ని షెకెల్లో నిర్గమకాండం 38వ అధ్యాయంలోని లెక్కే చెబుతుంది. 6,03,550 మంది తలకు అర షెకెల్ చొప్పున ఇస్తే 3,01,775 షెకెల్లు. దానినే అక్కడ నూరు తలాంతుల 1,775 షెకెల్లు అన్నారు. అంటే తలాంతుకు 3,000 షెకెల్లు, సుమారు 34 కిలోలు. షెకెల్‌లో ఇరవయ్యో వంతు గేరా, అనువాదంలో చిన్నం. అది అర గ్రాము కంటే కొంచెం ఎక్కువ. మీనా దగ్గర జాగ్రత్త అవసరం: 50 షెకెల్ల మీనా 567 గ్రాములు కాగా, యెహెజ్కేలు 45వ అధ్యాయంలో 20, 25, 15 కలిపి 60 షెకెల్ల మీనా చెప్పారు, అది 680 గ్రాములు. బబులోనులోనూ మీనాకు 60 షెకెల్లే గాని అక్కడి షెకెల్ 8.4 గ్రాములు మాత్రమే.

ఈ రాళ్లు ఒక వాక్యాన్ని కూడా సరిచేశాయి. సమూయేలు మొదటి గ్రంథం 13:21లోని ‘పీమ్’ అనే మాటకు అర్థం తెలియక 1611 నాటి ఆంగ్ల అనువాదకులు ఆకురాయి అని ఊహించారు. తరువాత ఆ మాటే చెక్కిన, 7.8 గ్రాములకు అటూ ఇటూగా తూగే రాళ్లు దొరికాయి. నాగటి కర్రు పదును పెట్టడానికి ఫిలిష్తీయులు పుచ్చుకున్న కూలి అది, సుమారు మూడింట రెండు వంతుల షెకెల్ వెండి.