కొడుకు అమెరికా పౌరుడైతే తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు ఎలా?

ప్రశ్న: నేను ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ పొందాను. డల్లాస్‌లో ఉంటున్న మా అబ్బాయికి 36 ఏళ్లు. ఈ మధ్యనే అక్కడి పౌరసత్వం వచ్చింది. మా దంపతులకు గ్రీన్‌కార్డు ఇప్పిస్తానంటున్నాడు. మాకు విజిటర్ వీసా ఉంది కాబట్టి దాని మీద వెళ్లి, అక్కడే దరఖాస్తు చేసుకోవచ్చని బంధువులు అంటున్నారు. మా పెళ్లి రిజిస్టర్ కాలేదు. ఊళ్లో నాలుగెకరాల పొలం ఉంది. పెళ్లికాని మా అమ్మాయిని కూడా తీసుకువెళ్లవచ్చా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు, కడప జిల్లా

జవాబు: 21 ఏళ్లు నిండిన అమెరికా పౌరులు తమ తల్లిదండ్రుల కోసం దరఖాస్తు చేయవచ్చు. ఈ కోవకు ఏటా ఇన్ని వీసాలే అనే పరిమితి లేదు కనుక, ఇతర బంధువుల మాదిరిగా ఏళ్ల తరబడి వరుసలో నిలబడవలసిన అవసరం ఉండదు. అయితే మీకొకటి, మీ భార్యకొకటి చొప్పున మీ అబ్బాయి రెండు ఐ-130 దరఖాస్తులు (బంధుత్వాన్ని చూపుతూ అమెరికా ప్రభుత్వానికి ఇచ్చే ఫారం) వేయాలి. అమ్మాయిని వీటిలో చేర్చడానికి వీల్లేదు. అన్న ఆమె కోసం విడిగా దరఖాస్తు వేయవచ్చు గానీ, భారతీయులకు ఆ కోవలో నిరీక్షణ పదిహేనేళ్లు దాటుతోంది. మీకు గ్రీన్‌కార్డు వచ్చాక, ఆమె అప్పటికీ అవివాహితగా ఉంటే, మీరే ఆమె కోసం దరఖాస్తు వేయవచ్చు; దానికీ కొన్నేళ్లు పడుతుంది.

బంధువుల సలహా విషయంలో చాలా జాగ్రత్త అవసరం. అక్కడే స్థిరపడాలని ముందే నిశ్చయించుకుని, చూసి వస్తామని అధికారికి చెప్పి ప్రవేశించడం అబద్ధమాడటమే అవుతుంది, అది రుజువైతే అమెరికా ప్రవేశానికే శాశ్వతంగా అడ్డంకి కావచ్చు. నిజంగా చూడటానికే వెళ్లినవారు తర్వాత మనసు మార్చుకుంటే అక్కడి నుంచే దరఖాస్తు చేసుకునే వెసులుబాటు చట్టంలో ఉంది. మీరు ముందే నిర్ణయానికి వచ్చారు కనుక ఇక్కడి నుంచే వలస వీసా (స్థిరపడేందుకు ఇచ్చే వీసా) తీసుకుని వెళ్లడమే క్షేమం. భారతీయులకు ఈ వలస వీసా ఇంటర్వ్యూలు ప్రధానంగా ముంబయి కాన్సులేట్‌లో జరుగుతాయి.

మన ప్రాంతంలో ఎక్కువమందికి చిక్కు వచ్చేది పత్రాల దగ్గరే. మీ దరఖాస్తుకు తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్న అబ్బాయి జనన ధ్రువీకరణ పత్రంతోపాటు మీ వివాహ ధ్రువీకరణ పత్రం కూడా కావాలి. మీ భార్య దరఖాస్తుకు జనన పత్రం సరిపోతుంది. పెళ్లి ఎప్పుడో జరిగినా ఇప్పుడు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదు చేయించుకోవచ్చు, ఆ పని వెంటనే మొదలుపెట్టండి. జననం అప్పట్లో నమోదు కాకపోతే, నమోదు లేదని మునిసిపాలిటీ లేదా పంచాయతీ నుంచి పత్రం తీసుకుని, పదో తరగతి సర్టిఫికెట్టు, పుట్టుక సంగతి ఎరిగిన పెద్దల అఫిడవిట్లు జతపరచాలి. ఒక కాగితంలో ఇంటిపేరు పొడి అక్షరంగానూ మరొకదానిలో పూర్తిగానూ ఉండటం మనకు మామూలే. వీలైనంతవరకు అన్నిటినీ పాస్‌పోర్టుతో సరిపోయేలా ముందే సవరించుకోవాలి. వీసాకు కావలసిన పోలీసు క్లియరెన్సు (నేరచరిత్ర లేదనే పత్రం) పాస్‌పోర్టు కార్యాలయం ద్వారా వస్తుంది.

మీ అబ్బాయి ఐ-864 పత్రంపై సంతకం చేసి మీ పోషణకు చట్టబద్ధంగా పూచీ పడాలి. అతని ఆదాయం, మిమ్మల్ని కూడా కలుపుకుని లెక్కించిన కుటుంబానికి అక్కడి ప్రభుత్వం నిర్ణయించిన పేదరిక ప్రమాణంలో కనీసం 125 శాతం ఉండాలి.

ఇంత చెప్పాక, అన్నిటికన్నా ముందు మీ దంపతులు తేల్చుకోవలసిన మాట ఒకటుంది: మీరు అక్కడ నివసించదలచారా, మనవళ్లను చూసి రాదలచారా? గ్రీన్‌కార్డు నివసించేవారి కోసం. ఆరు నెలలకు మించి బయట ఉంటే తిరిగి వెళ్లినప్పుడు ప్రశ్నలు ఎదురవుతాయి. ముందస్తు రీఎంట్రీ పర్మిట్ (తిరిగి ప్రవేశించేందుకు అనుమతి పత్రం) లేకుండా ఏడాది దాటితే కార్డు చెల్లకుండా పోవచ్చు. మీ పింఛను, కౌలు, వడ్డీ సహా ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయాన్నయినా అక్కడి పన్ను లెక్కల్లో చూపాలి. అరవై అయిదేళ్లు దాటినా, ఐదేళ్లు అక్కడ నివసిస్తే గానీ మెడికేర్‌ను (వృద్ధులకు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) డబ్బు కట్టయినా తీసుకునే వీలుండదు. అంతవరకు ఆరోగ్య బీమా ఖర్చు మీ అబ్బాయి మీద పడుతుంది. ఏడాదిలో సగం కాలం ప్రొద్దుటూరులోనే ఉండాలనుకుంటే, మీ దగ్గరున్న విజిటర్ వీసాయే మేలని నా అభిప్రాయం. పొలం గురించి బెంగ వద్దు: గ్రీన్‌కార్డుతో భారత పౌరసత్వం పోదు, ఉన్న పొలాన్ని ఉంచుకోవచ్చు; అక్కడ స్థిరపడ్డాక కొత్తగా సాగుభూమి కొనడానికి మాత్రం అనుమతి ఉండదు.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో హెచ్-1బి (ఉద్యోగ) వీసాపై ఉన్నారు. అక్కడే పుట్టిన మనవరాలికి పౌరసత్వం ఉంది. పాప ద్వారా వారికి గ్రీన్‌కార్డు వస్తుందా?
– ఒక గృహిణి, అనంతపురం

జవాబు: ఇప్పుడు రాదమ్మా. పాపకు 21 ఏళ్లు నిండిన తర్వాతే ఆమె తల్లిదండ్రుల కోసం దరఖాస్తు చేయగలదు. అంతవరకు పాప పౌరసత్వం వల్ల వారికి అక్కడ నివసించే హక్కు ఏదీ రాదు. ఉద్యోగం పోయి వీసా గడువు ముగిస్తే పాపను వెంటబెట్టుకుని తిరిగి రావలసిందే. కాబట్టి ఉద్యోగ సంస్థ ద్వారా వేసే గ్రీన్‌కార్డు దరఖాస్తును, వరుస ఎంత పొడవున్నా, వారు వదలకుండా కొనసాగించాలి.