‘అయితే’ వేరు, ‘అయితేనే’ వేరు

సందేహం: మాది కోవూరు. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి, ఇప్పుడు నెల్లూరులో ఎమ్మెస్సీ గణితం చదువుతున్నాను. ఇక్కడ లెక్క చేస్తే చాలదు, సిద్ధాంతాలకు ఉపపత్తి, అంటే రుజువు కూడా మా అంతట మేమే రాయాలి. నేను ముందు తెలుగులో ఆలోచించుకుని తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకుంటాను. ‘ఒక సంఖ్య సరిసంఖ్య అయితేనే దాని వర్గం సరిసంఖ్య అవుతుందని చూపండి’ అన్నప్పుడు, సరిసంఖ్యను వర్గం చేసి సరిసంఖ్యే వచ్చిందని రాశాను. అడిగింది అది కాదని మార్కులన్నీ కొట్టేశారు. ‘నే’ ఒత్తి చెప్పడానికే కదా, రెండూ ఒకటే కదా అని నా అనుమానం. తెలుగులో ఈ తేడా నిజంగా ఉందా, ఇంగ్లీషు చదువు తెచ్చిపెట్టిందా? ఇంకొకటి, ‘అన్ని ప్రధాన సంఖ్యలూ బేసి సంఖ్యలు కావు’ అని రాయొచ్చా?

సమాధానం: తేడా ఉంది. ఇంగ్లీషు తెచ్చింది కాదు, మీరు పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. ఆ మాటకొస్తే తెలుగులో గణితమూ నిన్న మొన్నటిది కాదు. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చి శతాబ్దాలు దాటింది.

మీ ఊరి పొలాల్లోనే చూద్దాం. ‘కాలవకు నీళ్లొస్తే నాట్లు పడతాయి’ అని ఒక రైతు అన్నాడనుకోండి. సోమశిల నుంచి నీళ్లు వదిలారు, కాలవ పారింది, నాట్లు పడ్డాయి. అతని మాట నిలబడింది. పక్కాయన అంతకు ముందే బోరు కింద వరి నాటేసుకున్నా ఈ మాటకు వచ్చిన నష్టమేమీ లేదు. నీళ్లు రాకపోతే ఏమవుతుందో ఆ రైతు చెప్పనే లేదు కదా.

అదే రైతు ‘కాలవకు నీళ్లొస్తేనే నాట్లు పడతాయి’ అన్నాడనుకోండి. ఇప్పుడు బోరు కింద నాటిన మడి ఒక్కటి చూపిస్తే చాలు, మాట తప్పయిపోతుంది. లెక్కల వాళ్లు ప్రత్యుదాహరణ అనేది ఆ మడినే. ఇంకో సంగతి, ఈ రెండో మాటలో నీళ్లొస్తే నాట్లు పడి తీరతాయన్న హామీ లేదు. నీళ్లొచ్చాక కూలీలు దొరక్క ఆగిపోవచ్చు. మొదటి మాటలో నీళ్లు ఉంటే చాలు, రెండో మాటలో నీళ్లు లేకపోతే కుదరదు. తెలుగు గణిత పుస్తకాల్లో పర్యాప్తం, ఆవశ్యకం అంటూ కనిపించేవి ఇవే.

వ్యాకరణంలో ‘వస్తే’, ‘అయితే’ లాంటి రూపాల్ని చేదర్థకాలంటారు. వాటి చివర చేరే ‘ఏ’ అవధారణార్థకం. అవధారణ అంటే ఒత్తి పలకడమేనని చాలామంది అనుకుంటారు, మీరూ అక్కడే పొరబడ్డారు. ఇదే, మరొకటి కాదు అని మిగతావాటిని తోసిపుచ్చడం అవధారణ. అందుకే ‘వస్తేనే’ అన్న మాట ‘రాకపోతే లేదు’ అనే ఇంకో వాక్యాన్ని కడుపులో పెట్టుకుని ఉంటుంది.

మీ లెక్కలో ఆ ముడి విప్పండి. ‘సరిసంఖ్య అయితేనే వర్గం సరి’ అంటే ‘సరిసంఖ్య కాకపోతే వర్గం సరి కాదు’ అని. సరి కాని పూర్ణసంఖ్య బేసి. 3ని 3తో గుణిస్తే 9, 7ని 7తో గుణిస్తే 49, రెండూ బేసే. కానీ ఉదాహరణలు ఎన్ని రాసినా ఉపపత్తి కాదు. బేసి సంఖ్యను ‘ఒక సరిసంఖ్యకు 1 కలిపినది’గా రాసుకుని వర్గం చేయండి. మూడు ముక్కలొస్తాయి: ఆ సరిసంఖ్య వర్గం, ఆ సరిసంఖ్యకు రెట్టింపు, 1. మొదటి రెండూ సరి, మిగిలిన 1 మొత్తాన్ని బేసి చేస్తుంది. చూపమన్నది ఇదే. మీరు రాసింది తప్పు కాదమ్మా, కానీ అది ‘అయితే’కి జవాబు. ఈ లెక్కలో రెండూ నిజమే కాబట్టి తేడా మీ కంటికి ఆనలేదు. ‘4తో నిశ్శేషంగా భాగించబడితే అది సరిసంఖ్య’ అన్నది నిజం. ‘4తో భాగించబడితేనే సరిసంఖ్య’ అంటే మాత్రం 6 ఒప్పుకోదు.

మరి ఇంత తేడా ఉన్నవి మనకెందుకు కలిసిపోతున్నాయి? ఇళ్లల్లో చాలాసార్లు ‘అయితే’ అని పైకి అని ‘అయితేనే’ అని అర్థం చేసుకుంటాం. ‘టెన్త్ పాసైతే సైకిల్ కొనిస్తా’ అని నాన్న అంటే, తప్పితే సైకిల్ లేదని పిల్లాడికి విడిగా చెప్పక్కర్లేదు. ఆ అర్థం మాటలో లేదు, సందర్భంలో ఉంది. ఉపపత్తి రాసేటప్పుడు సందర్భం సాయానికి రాదు, కాగితం మీద ఉన్నదే లెక్క. ఒక్క నిర్వచనాల దగ్గర మాత్రం గణితం కూడా ఇంటి అలవాటే పాటిస్తుంది. ‘2తో నిశ్శేషంగా భాగించబడితే ఆ పూర్ణసంఖ్యను సరిసంఖ్య అంటాం’ అన్నప్పుడు ‘భాగించబడితేనే’ అన్నదీ అందులో కలిసే ఉంటుంది. ఈ సంగతి మొదటి రోజే పిల్లలకు విడమరిచి చెప్పాలి. చెప్పకపోతే నిర్వచనంలో అర్థమైనట్టే సిద్ధాంతంలోనూ అర్థం చేసుకుంటారు, అది వాళ్ల తప్పు కాదు. సిద్ధాంతంలో రెండు వైపులా చూపమంటే ‘అయితే, అయితేనే’ అని రెండూ రాయండి, ఉపపత్తినీ రెండు పేరాలుగా విడగొట్టండి.

బడిలో జ్యామితి సిద్ధాంతాలకు ‘దత్తాంశం, సారాంశం’ అని రాసిన అలవాటు మీకుండే ఉంటుంది. అక్కడ సారాంశమంటే మనం చూపాల్సింది. తెలుగు వాచకంలో పాఠం సారాంశమంటే అప్పటికే చెప్పినదాన్ని కుదించడం. నాకు ఆ మాట అక్కడ నచ్చదు. ఇంకా చూపనిదాన్ని చూపేసినట్టు ధ్వనిస్తుంది. ‘నిరూపించవలసింది’ అని రాసుకోండి.

ఇక రెండో ప్రశ్న. ‘పెళ్లికి అందరూ రాలేదు’ అంటే కొందరు రాలేదని, ‘ఎవరూ రాలేదు’ అంటే ఒక్కరూ రాలేదని. ఈ లెక్కన మీ వాక్యం సరైనదే, నిజం కూడా. కానీ ‘అన్నీ కావు’ అన్నదాన్ని ‘ఏదీ కాదు’ అని చదివేవాళ్లూ ఉంటారు, పేపరు దిద్దేవారు వాళ్లలో ఒకరు కావచ్చు. ‘బేసి కాని ప్రధాన సంఖ్య ఒకటైనా ఉంది’ అని రాసి, పక్కనే 2 వేయండి.