పద్యనాటకంలో పద్యం వినేవాళ్లను చూడండి

బ్రాడ్‌వేలో ఉన్నట్టు పాటలతో నడిచే మ్యూజికల్ నాటకాలు తెలుగులో ఎందుకు లేవు, వేసవి సెలవుల్లో పిల్లలతో కలిసి చూడదగ్గ నాటకాలు ఏమైనా ఉంటే చెప్పండి అని అడిగారు.

లేవని మీకెవరు చెప్పారండీ? హార్మోనియం శృతిలో, తబలా దరువు మీద, నటుడే గొంతెత్తి పాడుతూ కథ నడిపిస్తుంటే దాన్ని మ్యూజికల్ అనకుండా ఇంకేమంటారు? మన పద్యనాటకం నూరేళ్ల పైనుంచి చేస్తున్న పని అదే. మైకులు లేని రోజుల్లో చిట్టచివర కూర్చున్నవాడికి కూడా మాట స్పష్టంగా వినపడేలా పై శృతిలో, తెల్లవార్లూ పాడారు మనవాళ్లు. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు కృష్ణుడి వేషం కడుతున్నారంటే జనం బళ్లు కట్టుకుని వెళ్లేవాళ్లని మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు.

ఈ వేసవి నాకు నాటకాలతోనే గడిచింది. శ్రీరామనవమి పందిళ్లతో మొదలై మే నెల జాతరల దాకా వీలైనవన్నీ చూశాను. మధ్యలో ఏప్రిల్ 16 వచ్చింది. కందుకూరి వీరేశలింగం పుట్టింది 1848లో ఆ రోజే, అందుకే దాన్ని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతారు. ఆ దినోత్సవానికి వేసే నాటకాలకు చాలా చోట్ల టికెట్ కూడా ఉండదు. అయినా నేను వెళ్లిన హాల్లో సగం కుర్చీలు ఖాళీ. టీవీ వల్ల, సెల్‌ఫోన్ వల్ల అని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. నాటకానికి ముందు పెట్టే సభే దానికి కారణం.

ఆరున్నరకు ప్రదర్శన అని కార్డు మీద అచ్చు వేశారు. కిరీటాలు పెట్టుకున్న నటులు వింగ్స్‌లో చెమటలు కక్కుతూ నిలబడి ఉంటే, వేదిక మీద జ్యోతి ప్రజ్వలన, అతిథుల పరిచయం, శాలువాలు, మెమెంటోలు. మైకు పట్టుకున్న ప్రతి ఒక్కరూ నాటకాన్ని బతికించుకోవాలి అన్నారు. తెర లేచేసరికి ఎనిమిది దాటింది. నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఆఖరి బస్సు అందదని రెండో రంగం మొదలవకముందే లేచి వెళ్లిపోయింది. నాటకం మీద ప్రేమతో వచ్చిన మనిషి నాటకం చూడకుండా వెళ్లాల్సి రావడం చాలా బాధ అనిపించింది. సన్మానాలు చేయొద్దని నేననను. నాటకం అయ్యాక చేయండి, ఉండేవాళ్లు ఉంటారు.

పరిషత్ నాటికలూ చూశాను, పోటీకి వచ్చిన సాంఘికాలు. నటన బాగుంటుంది, సెట్టు నిమిషాల మీద వేసి నిమిషాల మీద విప్పే పనితనం చూడముచ్చటగా ఉంటుంది. కథల దగ్గరే పేచీ. వృద్ధాశ్రమం, అమెరికాలో కొడుకు, ఆఖర్లో తండ్రి కన్నీళ్లు. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన కన్యాశుల్కం ఈ రోజుకీ హాలంతా నవ్విస్తోందంటే, జనాన్ని కదిలించడానికి ఏడుపొక్కటే దారి కాదని తెలుస్తూనే ఉంది కదా.

పిల్లలున్నారు కాబట్టి మీరు ముందు చూడాల్సింది సురభి నాటక సమాజం వాళ్ల మాయాబజార్. తోలుబొమ్మలు ఆడించిన కుటుంబాల నుంచి వచ్చి, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడి మొదలుపెట్టినవాళ్లు. మగవాళ్లే ఆడవేషాలు కట్టే కాలంలోనే వీళ్ల ఇంటి ఆడవాళ్లు రంగస్థలం ఎక్కారు. ఇంటిల్లిపాదీ నటులే. బాణాలు గాల్లో ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి, నిప్పు లేస్తుంది, స్టేజీ మీద వాన కురుస్తుంది. నాకు పక్కగా సీటు దొరకడంతో వింగ్‌లో తాడు లాగుతున్న కుర్రాడు కనిపిస్తూనే ఉన్నాడు. అయినా బాణం దూసుకొచ్చినప్పుడు నేను తల పక్కకు తిప్పుకున్నాను. నా ముందు వరసలో ఒక పాప కుర్చీ ఎక్కి నిలబడింది, వాళ్లమ్మ ఎంత లాగినా కూర్చోలేదు.

కానీ నేను అసలు చెప్పాలనుకున్నది కాటిసీను, అంటే హరిశ్చంద్రుడి కథలో శ్మశానంలో జరిగే సీను గురించి.

మే నెలలో ఒక ఊరి జాతరలో సత్య హరిశ్చంద్ర వేశారు. పూర్తి నాటకం కాదు, కాటిసీను ఒక్కటే. ఇప్పుడు చాలా చోట్ల ఇంతే, మంచి పేరున్న సీన్లు విడివిడిగా ఆడి ముగిస్తారు. హరిశ్చంద్రుడు మంచి గొంతున్నవాడు. జాషువా శ్మశానం పద్యాలు ఈ నాటకంలోకి తర్వాత వచ్చి చేరినవే అయినా ఇప్పుడు అవి లేకుండా కాటిసీను లేదు. అతను అవి పాడుతుంటే గుడి మెట్ల మీద కబుర్లాడుకుంటున్నవాళ్లు కూడా మాటలు ఆపేశారు. ఆ తర్వాత చంద్రమతి వచ్చింది. పాము కరిచి చనిపోయిన కొడుకు లోహితాస్యుణ్ణి మోసుకొచ్చి, ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చుంది. కాటిసుంకం కట్టందే కుదరదని హరిశ్చంద్రుడు పద్యం ఎత్తుకున్నాడు. జనం కళ్లన్నీ అతని మీదే. నేను స్టేజీకి ఒక పక్కన, బాగా దగ్గరలో ఉన్నాను కాబట్టి నాకు చంద్రమతే ఎదురుగా కనిపిస్తోంది.

లోహితుడి వేషం వేసిన పిల్లాడికి ఏడెనిమిదేళ్లు ఉంటాయి. కళ్లు గట్టిగా మూసుకున్నాడు గానీ ఊపిరికి పొట్ట పైకీ కిందికీ కదులుతోంది. ఆవిడ అది గమనించి, పైట చెంగు వాడి పొట్ట మీదికి లాగి, దాని మీద అరచెయ్యి వేసింది. అక్కడిదాకా ఏ నటి అయినా చేసే సర్దుబాటే. ఆ చెయ్యి మెల్లగా జోకొట్టడం మొదలుపెట్టింది. పద్యం సాగుతోంది, అతను రాగం తీస్తున్నాడు, ఆవిడ ఎటో చూస్తూ బిడ్డను నిద్రపుచ్చుతున్నట్టు తడుతూనే ఉంది. రాగం ఇంకా పూర్తి కాకముందే తన చేతివైపు చూసుకుంది. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. దాన్ని ఇంక ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉంచి, చివరికి వాడి నుదుటి మీద జుట్టు సర్దింది. ఆవిడ ఒక్క మాట అనలేదు, ఒక్క పద్యం పాడలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

పద్యం అయ్యీ అవగానే వెనకనుంచి వన్స్‌మోర్ అని కేకలు. ఎవరో స్టేజీ ఎక్కి హరిశ్చంద్రుడి భుజం మీది గొంగళికి నోటు ఒకటి పిన్నుతో గుచ్చారు. ఇచ్చినాయన పేరు మైకులో చదివారు. హరిశ్చంద్రుడు జనానికి దండం పెట్టి, మళ్లీ అదే పద్యం అందుకున్నాడు. చంద్రమతి మాత్రం ఇదంతా జరుగుతున్నంతసేపూ తల ఎత్తలేదు. రెండోసారి జోకొట్టలేదు కూడా. పిల్లాణ్ణి రెండు చేతులతో గుండెకు పొదువుకుని, తనకు పడే శిక్ష ముందే తెలిసిపోయిన మనిషిలా ఆ పద్యం వింది. పాడినవాడు రెండుసార్లూ ఒకేలా పాడాడు. నేను మాత్రం రెండు వేర్వేరు పద్యాలు విన్నాను, ఆవిడ వల్ల.

వన్స్‌మోర్ అసలు ఉండకూడదని అనను. రాయబారంలో కృష్ణుణ్ణి ఇంకోసారి పాడించుకోండి, అది సంబరం, అక్కడ ముద్దుగానే ఉంటుంది. చనిపోయిన బిడ్డ తల్లి ఒళ్లో ఉండగా నోట్లు పట్టుకుని స్టేజీ ఎక్కడం మాత్రం చాలా తప్పు. నిర్వాహకులే ముందుగా మైకులో ఒక్క మాట చెబితే జనం వింటారు. మన జనం అంత మొండివాళ్లేమీ కాదు.

పద్యనాటకం బోరు అనేవాళ్లందరూ పాడేవాడినే చూస్తారని నా గట్టి నమ్మకం. అంత పొడుగు రాగం ఎందుకని విసుక్కుంటారు. ఆ రాగం వినేవాడి మొహం మారడానికి ఇచ్చిన టైమ్. సినిమాలో ఆ మొహాన్ని కెమెరా క్లోజప్‌లో తెచ్చి చూపిస్తుంది, నాటకంలో దాన్ని మన కళ్లే వెతుక్కోవాలి. గానం కంటే నటన ముఖ్యమని పాతతరం రంగస్థల నటుడు బళ్లారి రాఘవ జీవితాంతం పట్టుబట్టారు. నన్నడిగితే ఆ రెండింటికీ తగువే లేదు. ఒకరు పాడుతుంటే ఇంకొకరు నటించాలి, అంతే.

తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగంలో కౌరవసభ ఘట్టం, అదే రాయబారం సీను, తీసుకోండి. కృష్ణుడు 'జెండాపై కపిరాజు' అందుకోగానే హాలంతా అతనితో పాటు పెదవులు కదుపుతుంది. మీరు ఆ సమయంలో దుర్యోధనుణ్ణి చూడండి. పాత్ర పట్టుబడనివాడు పద్యం పొడుగునా మీసం మెలేస్తూనే ఉంటాడు, లేకపోతే తన వంతు ఎప్పుడొస్తుందా అని హార్మోనిస్టు వైపు చూస్తుంటాడు. పట్టుబడినవాడు గాండీవం మాట దగ్గర మీసం మీది చెయ్యి ఒక్క క్షణం ఆపి, మళ్లీ ఏమీ జరగనట్టు మెలేస్తాడు. భయపడ్డాడు, భయపడినట్టు కనపడకూడదనుకున్నాడు. అది చూస్తే ఇంక పద్యానికి అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇదంతా చెడగొడుతున్నది కాంట్రాక్టు పద్ధతి. అర్జున దుర్యోధనులు సాయం అడగడానికి వచ్చే పడకసీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు. పోస్టర్ మీద కృష్ణులందరి ఫొటోలూ ఉంటాయి. ఎవరి ఊరినుంచి వాళ్లు సాయంత్రానికి వచ్చి, మేకప్ వేసుకుని ఎక్కేస్తారు. కలిసి ఒక్క రిహార్సల్ కూడా వేసుకోనివాళ్లు ఒకరి మాట ఒకరు ఎలా వింటారు? సురభి వాళ్లలో అది సహజంగా కుదురుతుంది, ఎందుకంటే అమ్మానాన్నలతోనే ఆడుతూ పెరిగినవాళ్లు. నేను చూసిన ఆ చంద్రమతి పేరు మాత్రం పోస్టర్ మీద లేదు. వెళ్లి అడిగి తెలుసుకున్నాను, అప్పటినుంచి నాటకాలు చూసే ప్రతి స్నేహితుడికీ చెబుతున్నాను.

మీ ప్రశ్నకు వస్తే, పిల్లలకు సురభితో మొదలుపెట్టండి. ఆ తర్వాత రాయబారం సీను. కీబోర్డు, ప్యాడ్‌లు పెట్టి హోరెత్తించే చోట్లకు వెళ్లకండి, హార్మోనియం, తబలాతో ఆడేవాళ్లు ఇంకా ఉన్నారు, కనుక్కుని వెళ్లండి. స్పీకర్ల ఎదురుగా కూర్చోవద్దు. మధ్య వరసల కోసం పోటీపడకుండా స్టేజీకి కాస్త పక్కగా, దగ్గరగా కూర్చోండి, అక్కడినుంచి అందరి మొహాలూ కనిపిస్తాయి. మొదలవడం ఎలాగూ ఆలస్యమవుతుంది, తిండి తినే బయలుదేరండి. పిల్లలు మధ్యలో నిద్రపోతే పడుకోనివ్వండి, కృష్ణుడు సభలో అడుగుపెట్టేటప్పుడు లేపితే చాలు.