ఫార్ములా రాసేది నువ్వు, లెక్క కట్టేది ఎక్సెల్

అమ్మలూ,

నిన్న ఫోన్లో "బాబాయ్, టోటల్ కాలమ్ మొత్తం నన్ అని వస్తోంది, లైబ్రరీ పాడైందేమో" అన్నావు కదా, లైబ్రరీకేం కాలేదు (నన్, అంటే None, ఆ సెల్‌లో విలువేమీ లేదని పైథాన్ చెప్పడం), ఆ టైంలో బస్సులో ఉన్నా కాబట్టి సరిగ్గా చెప్పలేకపోయా, అందుకే ఇలా రాస్తున్నా.

నువ్వు వాడే ఓపెన్‌పైఎక్సెల్‌కి, అంటే పైథాన్‌తో ఎక్సెల్ ఫైళ్ళు చదివి రాసే ఆ లైబ్రరీకి, లెక్కలు రావు. ఇదొక్కటి బుర్రలో పెట్టుకో చాలు. నువ్వు డి2 సెల్‌లో ఈక్వల్స్ గుర్తు పెట్టి బి2 ఇంటూ సి2 అని రాస్తే అది ఆ అక్షరాలని అలాగే ఫైల్లో పెట్టేస్తుంది అంతే, గుణించదు. ఎక్సెల్‌లో ఆ ఫైల్ తెరిచినప్పుడు ఎక్సెల్ లెక్క కడుతుంది, సేవ్ కొడితే ఫార్ములా పక్కనే జవాబు కూడా దాచిపెడుతుంది. ఫైల్ తెరిచేటప్పుడు డేటా ఓన్లీ ట్రూ (data_only=True, అంటే ఫార్ములా వద్దు జవాబే ఇవ్వు) అని పెట్టి చదివితే నీకు వచ్చేది ఆ దాచిన జవాబే. నీ ఫైలు పుట్టిన దగ్గర్నుంచి ఎక్సెల్ మొహమే చూడలేదు, ఇంక జవాబు ఎక్కడ ఉంటుంది చెప్పు? మీ ఓనర్ ఫోన్లో తెరిస్తే టోటల్ ఖాళీగా కనపడిందన్నావే, అదీ ఇదే గోల, ఫోన్లో చూపించే కొన్ని యాప్‌లు లెక్క కట్టవు.

మరి ఏం చెయ్యాలంటే, జవాబు ప్రోగ్రామ్‌కే కావాలంటే పైథాన్‌లోనే లెక్క కట్టెయ్, మనుషులు తర్వాత రేటు మార్చుకుంటారు అనుకుంటే ఫార్ములా పెట్టు. రెండూ కావాలంటే ఫైల్‌ని లిబ్రే ఆఫీస్‌తో (ఎక్సెల్ లాంటి ఉచిత ప్రోగ్రామ్) స్క్రీన్ లేకుండా ఒకసారి తిప్పి మళ్ళీ సేవ్ చేయించు, అప్పుడు జవాబులు వచ్చి కూర్చుంటాయి.

ఇంకోటి, ఇది నేను చేతులు కాల్చుకున్నది. రైస్ మిల్లు లెక్కలు చూసే రోజుల్లో డేటా ఓన్లీ ట్రూతో ఫైల్ తెరిచి, రెండు సెల్స్ మార్చి, అదే పేరుతో సేవ్ కొట్టేశా. ఫార్ములాలన్నీ పోయి ఉత్త నంబర్లు మిగిలాయి, ఎర్రర్ కూడా రాలేదు. మర్నాడు బస్తా రేటు మార్చారు, టోటల్ కదల్లేదు, తరుగు కదల్లేదు, హమాలీ కూలి కదల్లేదు, సాయంత్రం దాకా ఎవరికీ తెలీలేదు!! అప్పట్నుంచీ చదవడానికి ఒకసారి, రాయడానికి ఇంకోసారి విడివిడిగా తెరుస్తా, సేవ్ వేరే పేరుతోనే.

ఇన్సర్ట్ రోస్ (insert_rows) అనే కమాండ్‌ని కూడా నమ్మకు. మధ్యలో వరస దూరిస్తే డేటా కిందకి జరుగుతుంది గానీ ఫార్ములాల్లో అడ్రసులు మారవు, మనం ఎక్సెల్‌లో మౌస్‌తో చేస్తే మారతాయి కాబట్టి ఇక్కడా మారతాయనుకుంటాం. నేనైతే వరసలన్నీ లిస్టులో సర్దేసుకుని, చివర్లో లూప్ పెట్టి ఫార్ములాలు కొత్తగా రాసేస్తా. ఆ లూప్‌లో వరసల నంబర్లు 1 నుంచి మొదలు, పైథాన్ లిస్టులా 0 కాదు, హెడ్డింగ్ ఉంటే 2 నుంచి. ఫార్ములాలో ఫంక్షన్ల పేర్లు ఇంగ్లిష్‌వే, విలువల మధ్యలో కామానే.

రైతుల బ్యాంకు అకౌంట్ నంబర్లు మాత్రం స్ట్రింగ్‌గానే పెట్టమ్మా, నంబర్‌గా పెడితే ముందున్న సున్నా ఎగిరిపోతుంది, 15 అంకెలు దాటితే ఎక్సెల్ మిగతావి సున్నాలు చేసేస్తుంది.

పాత ఎక్స్‌ఎల్‌ఎస్ (.xls) ఫైల్స్ ఈ లైబ్రరీ తెరవదు, ముందు కొత్త .xlsx లోకి మార్చుకోవాలి. ఆ పాత ఫార్మాట్‌లో వరసలు 65,536 మాత్రమే, 2020లో ఇంగ్లండ్ వాళ్ళు దీనివల్లే దాదాపు 16 వేల కోవిడ్ కేసులు కొన్ని రోజులపాటు లెక్కలోకి రాకుండా పోగొట్టుకున్నారు, కాబట్టి మీ మిల్లు వాళ్ళని అనడానికేం లేదులే.

పర్మిషన్ ఎర్రర్ వస్తే కంగారు పడకు, ఆ ఫైల్ ఎక్సెల్‌లో తెరిచే ఉండి ఉంటుంది, మూసేసి మళ్ళీ రన్ కొట్టు.

ఆ ఫైలు కాపీ నాకు వాట్సాప్‌లో పంపు, ఆదివారం కూర్చుని చూద్దాం. అకౌంట్ నంబర్ల కాలమ్ తీసేసి పంపు.

మీ బాబాయ్