కామికెట్‌కి నా పేజీలు పట్టుకెళ్ళనా?

ప్రశ్న: అక్కా, మాది తెనాలి. రెండేళ్ళుగా టోక్యోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ నిషికసాయిలో ఉంటున్నాను. చిన్నప్పటి నుంచి బొమ్మల పిచ్చి. మా అమ్మమ్మగారి ఊరి చెరువు మీద 24 పేజీల కామిక్ పూర్తి చేశాను, మాటలు తెలుగులోనే రాశాను. ఆగస్టులో కామికెట్‌కి, అంటే ఇక్కడ టోక్యోలో జరిగే పెద్ద కామిక్ పుస్తకాల సంతకి వెళ్తున్నాను. అక్కడ పబ్లిషర్లకి చూపించొచ్చా? ఆనిమే (జపాన్ కార్టూన్) పాత్రల బొమ్మలు కూడా చాలా గీసి పెట్టుకున్నాను, అవి కూడా తీసుకెళ్ళనా? నా జపనీస్ అంతంతమాత్రం. తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, 24 పేజీలు పూర్తి చేశావు, ముందు అందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. ఐదారు పేజీలు గీసి వదిలేసినవాళ్ళు నాకు ఎంతమందో తెలుసు.

కామికెట్‌కి తప్పకుండా వెళ్ళు. కానీ అక్కడ నీ పేజీలు కూర్చుని చదివే ఎడిటర్ కోసం వెతకొద్దు. కంపెనీల స్టాళ్ళు ఉంటాయి గానీ వాళ్ళు వచ్చేది వస్తువులు అమ్ముకోవడానికి. కామికెట్ అసలు సంగతి వేరే, ఎవరి పుస్తకం వాళ్ళే గీసి, అచ్చు వేయించుకుని, బల్ల మీద పెట్టి అమ్ముకుంటారు. ఆ పుస్తకాల్ని దోజిన్‌షి అంటారు, గీసే బృందాన్ని సర్కిల్ అంటారు. 1975 డిసెంబరులో 32 సర్కిళ్ళతో, ఏడు వందల మందితో మొదలైంది, 2019లో నాలుగు రోజులకి ఏడు లక్షలు దాటారు. మాంగా (జపాన్ కామిక్స్) గీసే పేరున్న క్లాంప్ బృందం కూడా మొదట దోజిన్‌షి గీసినవాళ్ళే. అమ్మేవాళ్ళనీ కొనేవాళ్ళనీ వలంటీర్లనీ అందరినీ పాల్గొనేవాళ్ళు అనే పిలుస్తారు, కస్టమర్ అనే మాట వాడరు. నాకు అక్కడ అన్నిటికంటే నచ్చేది అదే.

ఒక సర్కిల్‌కి దొరికేది సగం బల్ల, 90 సెంటీమీటర్ల వెడల్పు, రెండు కుర్చీలు. ఆ కాస్త చోటులో ధర ఎలా రాశారు, అట్ట ఎలా నిలబెట్టారు, నడిచేవాళ్ళని ఏ బొమ్మ ఆపుతోంది, ఇవన్నీ నిలబడి చూడు. పుస్తకం ముట్టుకునే ముందు ‘మితెమో ఈదెస్ కా’ అని అడుగు, చూడొచ్చా అని. చూసి కొనకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు, థాంక్స్ చెప్పి జాగ్రత్తగా పెట్టేస్తే చాలు. చిల్లర మాత్రం మర్చిపోకు. మొదటిసారి నేను పది వేల యెన్ల నోట్లు పట్టుకెళ్ళి, ఎంతో ఇష్టపడ్డ పుస్తకం ఒకటి కొనలేక వచ్చేశాను, ఆ అమ్మాయి దగ్గర అంత చిల్లర లేదు. 100, 500 నాణేలు, వెయ్యి నోట్లు ముందురోజే సర్దుకో. ఆగస్టు ఎండ మన గుంటూరు ఎండలాగే ఉంటుంది, నీళ్ళు ఎక్కువ పెట్టుకో. లోపలికి వెళ్ళడానికి టికెట్ కావాలి, ముందే కొనుక్కోవడం మంచిది.

నీ పేజీలు తీసుకెళ్ళాల్సింది కామిటియా అనే ఇంకో సంతకి. అదీ కామికెట్ జరిగే టోక్యో బిగ్ సైట్ అనే ఎగ్జిబిషన్ సెంటర్‌లోనే, మామూలుగా ఏడాదికి నాలుగుసార్లు జరుగుతుంది. నీకు దారి కూడా సులువే, షిన్ కిబాలో రింకై లైన్ ఎక్కి కొకుసాయ్ తెన్జిజో స్టేషన్‌లో దిగడమే. అక్కడ సొంత కథలు, సొంత పాత్రలే ఉండాలి, వేరేవాళ్ళ పాత్రలతో గీసినవి అమ్మనివ్వరు. అందుకని ఆ ఆనిమే బొమ్మలు ఇంట్లో పెట్టు. చెయ్యి తిరగడానికి అవి మంచివే, నేనూ వందలు గీశాను, కానీ కథ చెప్పగలవా లేదా అన్నది వాటిలో కనపడదు. కామిటియాలో మాంగా పత్రికల ఎడిటర్లు వరసగా బల్లలు వేసుకుని కూర్చుంటారు, నువ్వు తెచ్చిన పేజీలు నీ ఎదురుగానే చదివి మాట్లాడతారు. ఇలా పేజీలు తెచ్చి చూపించుకోవడాన్ని మోచికోమి అంటారు.

చదివేటప్పుడు చకచకా తిప్పేస్తారు, కంగారుపడకు, మధ్యలో వివరించకు. నా కథలో హీరోయిన్ ముఖం తొమ్మిదో పేజీ దాకా సరిగ్గా కనపడటం లేదని ఒకాయన చెప్పారు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. కానీ ఆయన చెప్పింది నిజం, వారం తిరక్కుండా మొదటి నాలుగు పేజీలు మళ్ళీ గీశాను.

ఇక భాష. తెలుగు మాటలతో ఉన్న పేజీలు వాళ్ళు చదవలేరు కదా, అందుకని జెరాక్స్ కాపీల మీద జపనీస్ మాటలు అతికించు, ఆఫీసులో ఎవరైనా జపాన్ మిత్రుడు ఉంటే మాటలు దిద్దమని బతిమాలుకో. ఒరిజినల్స్ బయటికి తియ్యకు. ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. మాంగాలో మాటలు నిలువుగా రాస్తారు కాబట్టి బెలూన్లు నిలువుగా పొడుగ్గా ఉంటాయి. మన తెలుగుకి అడ్డంగా వెడల్పు కావాలి, నీ బెలూన్లు అలాగే ఉండి ఉంటాయి, జపనీస్ నిలువుగా పెడితే పక్కన ఖాళీ మిగులుతుంది. ఈసారికి అడ్డంగానే రాసెయ్, చదువుతారు. వాళ్ళు కుడి నుంచి ఎడమకి చదువుతారు కదా అని పేజీలు మాత్రం అద్దంలోలా తిప్పెయ్యొద్దు, అమ్మమ్మ పైట కుడి భుజం మీదికి వెళ్ళిపోతుంది, ఊరి బోర్డు మీద తెలుగు అక్షరాలు తిరగబడతాయి. మొదటి పేజీ మీద ఎడమ నుంచి కుడికి అని బాణం గుర్తు పెట్టు, చాలు. తర్వాతి కథని మాత్రం కుడి నుంచే మొదలుపెట్టు, నేము గీసేటప్పుడే, అంటే పెన్సిల్‌తో పేజీల చిత్తుప్రతి వేసుకునేటప్పుడే.

ఎప్పుడైనా సొంతంగా బల్ల తీసుకుని పుస్తకం అమ్మాలనుకుంటే, ఉద్యోగం వీసా మీద ఉన్నావు కాబట్టి అనుమతి కావాలేమో ముందు ఇమిగ్రేషన్ ఆఫీసులో అడుగు. చూపించుకోవడానికి ఆ బాధ లేదు.

చెరువు కథలో నీళ్ళు ఎలా గీశావో చూడాలని ఉంది నాకు. మొదటి నాలుగు పేజీల కాపీలు పత్రికకి పంపు, చూసి రాస్తాను.